బాణం గుర్తు

మా అల్లుడు ఏం చేస్తుంటాడని ఎవరైనా అడిగితే, "ఇనుము ఎప్పుడు విరుగుతుందా అని కూర్చుని ఆలోచిస్తుంటాడు" అని చెప్పేవాణ్ణి. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వాలనే అలా చెప్పేవాణ్ణి. ఆ వానాకాలం దాకా నా వరస అదే.

నాది ఇనుము కోసే పని. పదో తరగతి అయ్యాక రెండేళ్ళు చేతిపని నేర్చుకుని, పదేళ్ళు బయట షెడ్లలో పనిచేసి, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒకే యూనివర్సిటీ వర్క్‌షాపులో ఉన్నాను. పరిశోధన చేసేవాళ్ళకు విరగ్గొట్టుకోవడానికి ముక్కలు కావాలి. వాటిని శాంపిల్స్ అంటారు. నేను కోసి, నునుపు చేసి, తుప్పు పట్టకుండా నూనె రాసి పంపిస్తే, పై అంతస్తులో ఉన్న లాగుడు మిషనుకు తగిలించి రెండు కొసలూ పట్టి లాగుతారు. విరిగిన ముక్కను చూసి పుస్తకాలు రాసుకుంటారు. సరే, అది వాళ్ళ బతుకుతెరువు.

మా అల్లుడు ఆ మాత్రం కూడా చెయ్యడు. కంప్యూటరులో ముక్క గీస్తాడు, అందులోనే లాగుతాడు, అందులోనే విరగ్గొడతాడు. చేతికి మసి అంటదు, గోటికి నూనె అంటదు. ఐదేళ్ళ నుంచి ఇదే యాగం. మా అమ్మాయి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. "నేను విరిగినవి చూస్తాను, ఆయన విరగబోయేవి చూస్తాడు నాన్నా" అని వెనకేసుకొచ్చేది. విరిగినవి చూసినందుకు ఆమెకు నెలనెలా జీతం వచ్చేది. విరగబోయేవి చూసినందుకు అతనికి వచ్చే స్కాలర్‌షిప్పు ఆ వానాకాలం మొదట్లోనే ఆగిపోయింది. అద్దె కట్టలేక ఇద్దరూ మా ఇంటికి వచ్చి ముందుగదిలో దిగారు. మా బావమరిది వచ్చినప్పుడల్లా ఆ గది తలుపు కేసి చూసి, "ఏం బావా, ఇల్లరికం నడుస్తోందా?" అనేవాడు. నేను కాదనేవాణ్ణి కాదు.

వర్క్‌షాపులో మాత్రం అతను నా అల్లుడని నేను ఎవరికీ పనిగట్టుకుని చెప్పలేదు. తెలిసినవాళ్ళకు తెలుసు. తెలియనివాళ్ళకు చెప్పి ఏం బావుకుంటాను?

వానలు మొదలైన రెండో వారంలో పై అంతస్తు హాల్లో ఒక సభ పెట్టారు. ఘనపదార్థాల మెకానిక్స్, పదార్థాల మోడలింగ్ రంగాల్లో పరిశోధన, ఉద్యోగ అవకాశాలు అని గుమ్మానికి ఇంత పొడవు గుడ్డ కట్టారు. విరిగిన ముక్కల్ని బల్లమీద వరసగా పేర్చి చూపించమని ప్రొఫెసరు నన్ను రమ్మన్నాడు. గోడవార నిలబడి నేనూ విన్నాను. రైలుపెట్టెలు తయారుచేసే ఒక కంపెనీ నుంచి వచ్చిన ఆవిడ మాట్లాడింది. ఆకాశంలో ఎగిరేవి, నేలమీద పరిగెత్తేవి, మనిషి తుంటిలో బిగించేవి, అన్నీ ఎక్కడో ఒకచోట విరుగుతాయట. ఎక్కడ విరుగుతాయో ముందే లెక్కకట్టి చెప్పగలిగినవాడికి ప్రపంచమంతా పని ఉందట. తెరమీద ఎర్రగా, పచ్చగా, నీలంగా బొమ్మలు. రంగుల రాట్నం కూడా అంత బాగుండదు. చివర్లో ఒక పిల్ల లేచి, మీ దగ్గర ఎన్ని ఖాళీలున్నాయని అడిగింది. ఈ ఏడాదికి ఒకటి, అంది ఆవిడ.

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదీ.

ఆ ఒక్కదానికి ఆవిడ ఒక పరీక్ష పెట్టింది. కంపెనీ తమ స్టీలు ప్లేటు ఒకటి పంపుతుంది. దాన్నుంచి అరచేతి వెడల్పు ముక్క ఒకటి కోయాలి. అంచున ఒక గాటు, లోపల రెండు బెజ్జాలు, ఒకటి కాస్త పైన, ఒకటి కాస్త కింద. ముక్కను లాగితే గాటు దగ్గర మొదలైన చీలిక ఏ బెజ్జానికి చేరుతుంది, ఎన్ని టన్నుల దగ్గర విరుగుతుంది? లాగకముందే లెక్కకట్టి కవరులో పెట్టి ఇవ్వాలి. తర్వాత అందరి ముందూ ముక్కను లాగుతారు. దగ్గరగా చెప్పినవాడికి ఉద్యోగం. పోటీకి ఇద్దరే మిగిలారు. ఒకడు మా అల్లుడు. రెండోవాడికి వర్క్‌షాపులో మేం పెట్టుకున్న పేరు పాలిష్. వాడి బూట్లు మెరిసేవి, మాట అంతకంటే మెరిసేది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా అల్లుడు ఎప్పుడూ లేనిది నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడాడు. అతని చదువుకు సరిగ్గా సరిపోయే పని అదొక్కటేనట. వస్తే రెండు నెలల్లో వేరే ఇల్లు చూసుకుంటారట. నేను మా బావమరిది మాట బయటపెట్టాను. వాడికి టైల్స్ కొట్టు ఉంది. గోడౌను చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలన్నాడు.

"ఇది రాకపోతే అక్కడికి వెళ్ళు. టైలు విరిగిందా లేదా చూడ్డానికి కంప్యూటరు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు" అన్నాను.

మా ఆవిడ ముసిముసిగా నవ్వింది. అమ్మాయి నవ్వలేదు. అతను కంచంలోకి చూస్తూ, "సరే మావయ్యా, రాకపోతే అక్కడికే వెళ్తాను" అన్నాడు. మాటకు మాట అనే మగవాడైతే నాకూ కాస్త గౌరవం ఉండేదేమో. అంత మెత్తగా ఒప్పుకునేసరికి ఇంకా చులకనైపోయాడు.

ప్లేటు వచ్చింది. కొలతల కాగితం పట్టుకుని అతనే కిందికి దిగాడు. ప్లేటు మూల మీద పసుపురంగు బాణం వేసి ఉంది, బెత్తెడు పొడవున. ప్లేటును రోలర్ల మధ్య నొక్కి సాగదీస్తారు. ఏ దిక్కుకు సాగదీశారో చెప్పే గుర్తు అది. ఆ దిక్కున ఇనుముకు కట్టెలో ఉన్నట్టే నారలాంటిది ఏర్పడుతుంది. నార వెంట చీల్చడం తేలిక, నారకు అడ్డంగా విరవడం కష్టం. కట్టెలు కొట్టిన ఎవరికైనా తెలుస్తుంది.

"మావయ్యా, బాణం ముక్క పొడవు వెంట రావాలి. కాగితంలో కింద రాశాను, ఒకసారి చూసుకోండి" అన్నాడు.

వర్క్‌షాపులో మరో నలుగురు ఉన్నారు. వాళ్ళ ముందు.

"తాతకు దగ్గులు నేర్పకయ్యా. నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ కోస్తున్నాను" అన్నాను.

లేత్ మిషను దగ్గర ఉన్నవాడు పెద్దగా నవ్వాడు. అల్లుడు కాగితాన్ని బల్లమీద పెట్టి, దాని మీద ఒక నట్టు బరువుంచి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. నేను ఆ కాగితంలో కొలతలు చూసుకున్నాను. కింద రాసిన వరస చదవలేదు. అతను చదవమన్నాడు కనకనే చదవలేదు.

ప్లేటు ఒక పక్క పొడవు, ఒక పక్క పొట్టి. పొడవు వెంట కోస్తే మిగిలేది వంకరటింకర ముక్క, దేనికీ పనికిరాదు. పొట్టి వైపు అడ్డంగా పెడితే శాంపిల్ అచ్చంగా సరిపోతుంది, మిగతా ప్లేటు నలుపలకలుగా శుభ్రంగా మిగులుతుంది. ముప్ఫై ఏళ్ళుగా నేను ఇనుము వృథా చెయ్యలేదని వర్క్‌షాపంతా చెప్పుకుంటుంది. మేం ఎక్కువగా కోసేవి గుండ్రటి కడ్డీలు. వాటికి ఒకటే దిక్కు, ఆలోచించే పని లేదు. అడ్డంగా పెట్టాను. ముందు గరుకంచును ఒక పట్టీగా కోసి తుక్కులో పారేశాను, తర్వాత శాంపిల్ కోశాను, అంచులు నునుపు చేశాను, బెజ్జాలు వేశాను. అద్దంలా వచ్చింది. ప్రొఫెసరు చేత్తో తడిమి, ఈయన చెయ్యి తప్పదు అని కంపెనీ ఆవిడతో అన్నాడట.

ముక్కను లాగిన రోజు నేనూ పైకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానని ఇప్పుడు అడిగితే, నా ముక్క అందం చూసుకోవడానికని చెబుతాను. అది పూర్తి నిజం కాదు. అల్లుడి కవరులో ఏముందో చూడాలని వెళ్ళాను. కిటికీ అద్దాల మీద వాన కారుతోంది. మిషను లాగడం మొదలుపెట్టింది. ముప్ఫై దాటింది. ముప్ఫై మూడు టన్నుల దగ్గర టప్పుమంది. చీలిక నిట్టనిలువునా చీరిన కట్టెలా తిన్నగా కింది బెజ్జంలోకి పోయింది.

కవర్లు విప్పారు. పాలిష్ ముప్ఫై ఐదు రాశాడు, కింది బెజ్జం. మా అల్లుడు నలభై ఒకటి రాశాడు, పై బెజ్జం.

ఐదేళ్ళు. రెండు బెజ్జాల్లో ఏదో ఒకటి చెప్పాలి, అదీ తప్పింది. గవ్వలు వేసి చెప్పేవాడైనా సగం సార్లు నెగ్గేవాడు. అతను విరిగిన రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ఏదో అడగబోయినట్టు నా వైపు చూసి, మానేశాడు. శనివారం మళ్ళీ వచ్చి ఉత్తరం ఇచ్చి వెళ్తానని కంపెనీ ఆవిడ పాలిష్‌కు చెప్పింది. నేను కిందికి దిగి మా బావమరిదికి ఫోను చేశాను. సోమవారం నుంచి పంపమన్నాడు.

మూడు రోజులు అల్లుడు ముందుగదిలోంచి సరిగ్గా బయటికి రాలేదు. ఆ కంప్యూటరు రాత్రీ పగలూ తుమ్మెదలా జుయ్యిమనేది. దుఃఖపడుతున్నాడని మా ఆవిడ జాలిపడింది. విరిగిపోయినదాన్ని ఇంకా విరగ్గొడుతున్నాడని నేనన్నాను. శుక్రవారం సాయంత్రం, నేను కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తుంటే, గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అమ్మాయి అతని వెనక ఉంది.

"మావయ్యా, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ప్లేటు అడ్డం తిప్పి కోశారా?"

"ఏం?"

"నా లెక్కలో ఇనుమును అడ్డం తిప్పి మళ్ళీ లాగి చూశాను. ముప్ఫై రెండున్నర వచ్చింది. చీలిక తిన్నగా కింది బెజ్జానికే పోయింది. ఇంకేం మార్చినా అలా రావడం లేదు. మూడు రోజులు అన్నీ మార్చి చూశాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట నీలాంటివాడే, అన్నాను. గదిలో కూర్చుని, ముక్కను ముట్టుకోకుండా, నా చేతిలో తప్పు పట్టేంతవాడివయ్యావా అన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయను. తిన్న తిండి దగ్గరికి కూడా వెళ్ళానని మాత్రం చెప్పాలి. అంతా విన్నాక అతను, "అయితే నా లెక్కే తప్పయి ఉంటుంది" అని లోపలికి వెళ్ళిపోయాడు.

అమ్మాయి వెళ్ళలేదు.

"ఎక్స్‌రే తీయకుండా ఎముక విరగలేదని చెప్పే డాక్టర్ని నేనింతవరకూ చూళ్ళేదు నాన్నా" అంది.

రోజూ తెల్లవారకముందే లేచి దేవుడి ముందు కాసేపు కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పెద్దగా ఏమీ అడగను. నిన్న చేసిన పనులు ఒక్కొక్కటీ తలుచుకుని, తప్పులుంటే ఒప్పుకుని లేస్తాను. ఆ శనివారం కూర్చున్నాను. కళ్ళు మూసుకుంటే పసుపురంగు కనిపించింది. నేను ఆ బాణాన్ని చూశానా, లేదా? మూల మీద బెత్తెడు ఉంది. నా రంపం దాని మధ్యలోంచి పోయి ఉండాలి. చూసే ఉంటాను. చూసి లక్ష్యపెట్టలేదా, లక్ష్యపెట్టకూడదని చూడలేదా? నేను అబద్ధం ఆడలేదు స్వామీ, నాకు తెలియదంతే, అనుకున్నాను. తెలుసుకోకుండా ఉండడానికి ఇంత కష్టపడేవాణ్ణి ఏమంటారని మళ్ళీ నాకే అనిపించింది. దేవుడు ఎప్పటిలాగే ఏమీ అనలేదు. ఆయనకు కోపం రావడం కంటే అదే కష్టంగా ఉంటుంది. సగంలో లేచాను.

శనివారం పదిగంటలకు తుక్కు లారీ వస్తుంది. నేను ఏడింటికే వెళ్ళాను. తుక్కు కుప్ప వెనకవైపు, ఆరుబయట. వారం రోజుల వానకు అన్నీ ఎర్రబారిపోయాయి. గొడుగు పక్కన పెట్టి రెండు చేతులతో వెతికాను. అడుగున దొరికింది, మూరెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు పట్టీ. ఇనుమంతా తుప్పు, పసుపురంగు మాత్రం నిన్న వేసినట్టుంది. బాణం ములికి మాత్రమే మిగిలింది. అది పట్టీ పొడవు వెంట లేదు. అడ్డంగా, నా రంపం గాటు దగ్గర మొదలై గరుకంచు కేసి చూపిస్తోంది.

అంటే మిగతా బాణం, తోకతో సహా, నా శాంపిల్ మీద అడ్డంగా ఉండేదన్నమాట. నునుపు చేసేటప్పుడు నేనే గీకి పారేశాను.

కాసేపు దాన్ని పట్టుకుని నిలబడ్డాను. చుట్టుపక్కల ఎవరూ లేరు. మూడు గంటల్లో లారీ వస్తుంది. అది కొలిమిలో కరిగి ఇంకో ప్లేటయ్యాక నా చేతిలో తప్పుందని చెప్పగలిగేది ఆ కంప్యూటరొక్కటే, దాని మాట ఎవరు నమ్ముతారు? నేనే నమ్మలేదు. సోమవారం అతను టైల్స్ గోడౌనుకు వెళ్తాడు, వచ్చే ఏడు నేను రిటైరవుతాను, ఈయన చెయ్యి తప్పదని దండ వేసి పంపిస్తారు.

పట్టీ నా భోజనం సంచిలో పట్టలేదు. సగం బయటికి కనిపిస్తుండగానే పట్టుకుని పై అంతస్తు మెట్లెక్కాను.

తొమ్మిదింటి దాకా గుమ్మం బయట కాచుకుని కూర్చున్నాను. లోపలికి వెళ్ళేసరికి ప్రొఫెసరు గదిలో కంపెనీ ఆవిడ ఉంది. పాలిష్ కూడా ఉన్నాడు. పట్టీని బల్లమీద, ఆవిడ తెచ్చిన ఉత్తరం పక్కన పెట్టాను. తుప్పు నీళ్ళు కాగితానికి అంటాయని ప్రొఫెసరు ఉత్తరాన్ని పక్కకు లాగాడు.

"ముక్క పొడవు ఇటు, బాణం అటు. నేను అడ్డంగా కోశాను" అన్నాను.

ప్రొఫెసరు నవ్వబోయి మానేశాడు. ఆవిడ పట్టీని తిప్పి చూసి, ములికి మీద వేలు పెట్టి, మీరే కనిపెట్టారా అని అడిగింది.

"నేను కాదు. మా అల్లుడు. ఇంట్లో కూర్చుని, ఈ పట్టీ చూడకుండానే చెప్పాడు."

ఆ భవనంలో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆవిడ అర్థంకానట్టు చూసింది. ఎవరో చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆ పట్టీని వదల్లేదు. పాలిష్ తల వంచుకుని, తను ఆ నార సంగతి లెక్కలోకే తీసుకోలేదని, ఇనుము ఎటైనా ఒకటేనని రాశానని నిజాయితీగా ఒప్పుకున్నాడు. వాణ్ణి కూడా నేను బూట్లు చూసే అంచనా వేశాను. కవర్లు అవే, అంకెలు అవే, ముక్క మాత్రం సరిగ్గా కోసి బుధవారం మళ్ళీ లాగమంది ఆవిడ. ప్లేటు మిగిలిందా అని అడిగింది. మిగిలింది. నలుపలకలుగా, శుభ్రంగా మిగిలింది. నా పొదుపు అందుకైనా పనికొచ్చింది.

ప్రొఫెసరు గుమ్మం దాకా నా వెంట వచ్చి, మీ మీద ఎంతో నమ్మకం పెట్టుకున్నాను అన్నాడు. సోమవారానికల్లా వర్క్‌షాపు గోడకు నోటీసు అంటించారు. ఇకమీదట ప్లేటు మీద గీతలు గీశాక పరిశోధకుల సంతకం తీసుకుని గాని కోయకూడదు. లేత్ మిషను దగ్గర ఉన్నవాడు ఈసారీ నవ్వాడు. నాలుగు నెలల కిందట చేరిన పిల్లల దగ్గరికి కాగితం పట్టుకుని వెళ్ళి, ఇప్పటికీ సంతకాలు పెట్టించుకుంటున్నాను. వాళ్ళు చూడకుండానే పెట్టేస్తారు. "చూసి పెట్టండమ్మా" అని నేనే చెబుతాను.

బుధవారం ముక్క నలభైన్నర దగ్గర విరిగింది. చీలిక తిన్నగా పోలేదు. మెలిక తిరిగి పై బెజ్జానికి ఎక్కింది. ఉద్యోగం మా అల్లుడికి వచ్చింది, వానలు వెనకబట్టేనాటికి వాళ్ళు ముందుగది ఖాళీ చేశారు. మా బావమరిది ఇప్పుడు కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ, రైలుపెట్టెలన్నీ మావాడి చేతిలో ఉన్నాయని చెప్పుకుంటున్నాడు. ఆ కంప్యూటరు లోపల ఏం జరుగుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదు కాబట్టి దాని గురించి మాట్లాడ్డం మానేశాను. తెలియనివాటి గురించి మాట్లాడ్డం మానేశాక, నా దగ్గర మాటలు చాలా తగ్గిపోయాయి.

కాని ఆ బుధవారం కంటే నాకు దాని ముందురోజే ఎక్కువ గుర్తుంది. మిగిలిన ప్లేటును బల్లమీద పడుకోబెట్టి, ఇనుము మీద గీతలు గీసే ఉక్కుసూది చేతిలో పట్టుకుని, నేను అల్లుడికి కబురు పంపాను. మిగతా నలుగురూ పని ఆపి చూస్తున్నారు. అతను మెట్లు దిగి వచ్చి, ఏం పని పడిందో తెలియక కాస్త దూరంగా నిలబడ్డాడు. సూదిని అతని వైపు చాపాను.

"బాణం నువ్వే గియ్యి" అన్నాను.

అతను సూదిని చూశాడు, ప్లేటును చూశాడు. పొడవు వైపు చేత్తో ఒకసారి నిమిరాడు. చేతికి నూనె మసి అంటింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక చొక్కాకే తుడుచుకున్నాడు.

"మీరే గియ్యండి మావయ్యా. నాకు గీత తిన్నగా రాదు" అన్నాడు.

ఎటు గియ్యాలో అడిగాను. చెప్పాడు. గీశాను.